ట్యూబు ముందు పెట్టిన చెయ్యి

పంటికి ఎక్స్‌రే తీసేటప్పుడు దంతవైద్యుడు మీట నొక్కేముందు దూరంగా జరగడం మీరు గమనించే ఉంటారు. మిమ్మల్ని వదిలేసి తాను తప్పించుకుంటున్నాడని అనుకోకండి. మీకు తీసేది ఒకటో రెండో. ఆయన రోజూ తీస్తూనే ఉండాలి.

1895 నవంబరులో జర్మనీలో రాంట్‌జెన్ ఎక్స్ కిరణాలను కనుగొన్నాడు. మరుసటి ఏడాదే అమెరికాలోని న్యూ ఆర్లియన్స్‌లో ఎడ్మండ్ కెల్స్ అనే దంతవైద్యుడు పళ్ళకు ఎక్స్‌రేలు తీయసాగాడు. ఆనాటి ట్యూబులకు నిలకడ లేదు. లోపలి వాయుపీడనం మారితే కిరణాల శక్తీ మారిపోయేది. మరి ట్యూబు సరిగ్గా ఉందని తెలిసేదెలా? కెల్స్ తన చేతినే అడ్డం పెట్టి, మెరిసే తెరమీద ఎముకలు స్పష్టంగా కనబడేదాకా సరిచేసేవాడు. ఏళ్ళ తరబడి అదే పద్ధతి! ఈ కిరణాలు కంటికి కనబడవు, తగిలినప్పుడు నొప్పీ ఉండదు. పుండ్లు బయటపడేసరికి ఆలస్యమైపోతుంది. కెల్స్‌కు క్యాన్సర్ సోకింది. మొదట వేళ్ళు, తర్వాత చెయ్యి తీసివేశారు. ఆ వేదనలోనే ఆయన 1928లో మరణించాడు. ఎడిసన్ సహాయకుడు క్లారెన్స్ డాలీ 1904లోనే ఇలా బలైపోయాడు.

చెప్పేవారు లేక కాదు సుమా! బోస్టన్‌లో విలియం రోలిన్స్ అనే మరో దంతవైద్యుడు 1901లో గినీ పందులపై ప్రయోగం చేశాడు. ట్యూబు చుట్టూ ఉండే విద్యుత్తు వల్లే హాని జరుగుతుందని అప్పట్లో చాలామంది నమ్మేవారు. రోలిన్స్ ఆ జంతువులకు విద్యుత్తు తగలకుండా కట్టుదిట్టం చేసి, కిరణాలను మాత్రమే ప్రసరింపజేశాడు. అవి చనిపోయాయి. ట్యూబును సీసపు పెట్టెలో ఉంచండి, అవసరమైన భాగంమీదే కిరణాలు పడనివ్వండి అని ఆయన రాశాడు. పట్టించుకున్నవారు బహు కొద్దిమంది.

1928లోనే స్టాక్‌హోంలో అంతర్జాతీయ సంఘం ఒకటి ఏర్పడి మొదటి సిఫార్సులు చేసింది. అవి వింటే మీకు నవ్వొస్తుంది: రోజుకు ఏడు గంటలకు మించి పని వద్దు, సెలవు రోజుల్లో ఆరుబయట గడపండి, ఏడాదికి నెల రోజుల సెలవు తీసుకోండి! మోతాదుకు అంకె 1934లో గాని రాలేదు. నేటి కొలతలో అది రోజుకు సుమారు 2 మిల్లీసీవర్టులు. ఇప్పుడు ఉద్యోగికి అనుమతించేది ఐదేళ్ళ సగటున ఏడాదికి 20. అంటే అప్పటి పదిరోజుల మోతాదు నేడు ఏడాది మొత్తానికి సమానం.

మన దేశంలో ఈ పర్యవేక్షణ 1983లో ఏర్పడిన అణుశక్తి నియంత్రణ మండలిది. 2004 నిబంధనల ప్రకారం ఏ ఒక్క సంవత్సరంలోనూ 30 మిల్లీసీవర్టులు దాటకూడదు. సిబ్బందికి నేర్పే పాఠాల్లో ముఖ్యమైనది దూరం: రెట్టింపు దూరం జరిగితే తగిలే కిరణాలు నాలుగో వంతే. రోగి నోట్లో ఫిల్మును సిబ్బంది తమ వేళ్ళతో పట్టుకోకూడదన్నది మరొకటి. అది చదివినప్పుడల్లా నాకు కెల్స్ గుర్తుకొస్తాడు.

టెక్నీషియన్ ఛాతీమీద, సీసపు ఏప్రన్ లోపల, ఒక చిన్న బ్యాడ్జీ ఉంటుంది. అందులోని బిళ్ళలు తాకిన వికిరణాన్ని దాచుకుంటాయి. ప్రయోగశాలలో వేడిచేస్తే దానికి తగినంత వెలుగునిస్తాయి. ఆ వెలుగే లెక్క. అయితే బ్యాడ్జీని ఇంటిదగ్గర మరచివచ్చినవాడి లెక్క సున్నా చూపుతుంది. ఎక్స్‌రే గదిలో కొయ్యకు తగిలించి వెళ్ళినవాడిదేమో ఆ కొయ్యకు తగిలిన మోతాదు చూపుతుంది!