ఇంగ్లండ్‌కు పాస్‌పోర్ట్ ఎక్కడుంది?

విజయవాడ గవర్నర్‌పేటలో ట్రావెల్ ఆఫీసు నడిపిన రోజుల్లో ఎవరైనా పాస్‌పోర్ట్ చేతిలో పెడితే నేను ముందు ఫొటో పేజీ చూసేవాణ్ణి కాదు, నేరుగా చివరి పేజీకి వెళ్లేవాణ్ణి. తప్పులన్నీ అక్కడే కాపురముండేవి. పాత చేతిరాత పుస్తకాల్లో గుమాస్తా సిరాతో రాసిన తండ్రి పేరు, ఇంటి నంబరు, ఊరు. ఒక్క అక్షరం అటూ ఇటూ అయితే చాలు, రాత్రి రైలెక్కి చెన్నై కాన్సులేట్ దగ్గర వరసలో నిలబడ్డ కుర్రాడు మర్నాడు మొహం వేలాడేసుకుని తిరిగొచ్చేవాడు. ఆ చేతిరాత పాస్‌పోర్టులకు ప్రపంచమంతటా గడువు తీరింది 2015 నవంబరు 24న. అంటే 2010లో అవి నా బల్ల మీదికి ఇంకా వస్తూనే ఉన్నాయి, వాటి మీద వీసాలూ పడుతూనే ఉన్నాయి.

ఆ ఏడాది జూలైలోనే బాల్టిమోర్ నుంచి మా అల్లుడు ఫోన్ చేశాడు. "మామయ్యగారూ, ఇక్కడ ఒక జట్టు పాస్‌పోర్ట్ గొడవలో ఇరుక్కుంది. పూర్తిగా మీ సబ్జెక్టు, చూడండి" అన్నాడు. జట్టు పేరు ఇరక్వాయ్ నేషనల్స్. ఆట పేరు లక్రాస్. ఆ రెండూ నాకు కొత్త. పాస్‌పోర్ట్ గొడవ మాత్రం పాత చుట్టమే.

మాంచెస్టర్‌లో ప్రపంచ పురుషుల ఫీల్డ్ లక్రాస్ చాంపియన్‌షిప్ జరగబోతోంది. జూలై 15న ఇరక్వాయ్ జట్టు మొదటి మ్యాచ్ ఆతిథ్య జట్టు ఇంగ్లండ్‌తోనే. ఆటగాళ్లు మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు జాతుల సమాఖ్యకు చెందినవాళ్లు. ఇప్పటి న్యూయార్క్ రాష్ట్రం, కెనడా సరిహద్దు వాళ్ల సొంత నేల. అమెరికా, కెనడా అనే పేర్లతో దేశాలు పుట్టకముందే వాళ్లకో రాజ్యవ్యవస్థ ఉంది. అందుకే వాళ్లకు సొంత పాస్‌పోర్ట్ ఉంది. దానిలో కొంత భాగం చేతిరాతే.

బ్రిటన్ ముందు ఒక షరతు పెట్టింది: వీళ్లు తిరిగొస్తే మళ్లీ రానిస్తామని అమెరికా హామీ ఇవ్వాలి. ఇది మా వృత్తిలో రోజూ వినే మాటే. ఏ దేశమైనా లోపలికి రానిచ్చేముందు అడిగేది, నువ్వు బయటికెలా పోతావని. అమెరికా మొదట నసిగింది. చివరికి విదేశాంగ మంత్రి హిల్లరీ క్లింటన్ ఈ ఒక్కసారికి అంటూ మినహాయింపు ఇచ్చారు. ఇక విమానం ఎక్కడమే అనుకుంటుండగా బ్రిటన్ మళ్లీ అడ్డం తిరిగింది. మీ పాస్‌పోర్టులు మాకు చెల్లవు, అమెరికావో కెనడావో తెచ్చుకోండి అంది. న్యూయార్క్‌లో హోటల్ ఖర్చులు పెరిగిపోతుంటే 'అవతార్' తీసిన జేమ్స్ కామెరాన్ 50,000 డాలర్లు ఇచ్చాడు. డబ్బు వచ్చింది గానీ దారి తెరుచుకోలేదు. జట్టు ఇంటికి వెళ్లిపోయింది.

నేను ఆగిపోయింది ఇక్కడే. వాళ్లు అడిగితే అమెరికా పాస్‌పోర్ట్ గంటల్లో చేతికొస్తుంది. ఆ నీలి పుస్తకం కోసం పొలాలమ్మినవాళ్లను, పెళ్లిళ్లు కుదుర్చుకున్నవాళ్లను, కొండెక్కి గుండు చేయించుకున్నవాళ్లను నేను చూశాను. ఇస్తామంటే వద్దన్నవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదు. ఇక్కడ ఒక జట్టుకు జట్టే వద్దంది, అదీ ప్రపంచ పోటీ ఎదురుగా పెట్టుకుని.

పైగా నాకు ఇంకో సంగతి తట్టింది. వాళ్లను రానివ్వని ఊళ్లో ఆడిన జట్లలో ఇంగ్లండ్ ఉంది, స్కాట్లండ్ ఉంది, వేల్స్ ఉంది. ఇన్నేళ్లలో నా బల్ల మీదికి ఇంగ్లండ్ పాస్‌పోర్ట్ ఒక్కటీ రాలేదు. ఎందుకంటే అలాంటిది లేదు. ఉన్నది బ్రిటిష్ పాస్‌పోర్ట్ ఒక్కటే. క్రికెట్ చూసే మనకు ఇదేం వింత కాదు. 1975లో, 1979లో ప్రపంచ కప్పు ఎత్తుకెళ్లిన వెస్టిండీస్ పేరుతో ప్రపంచ పటంలో దేశమే లేదు. ఆటలో దేశమంటే ఒకటి, విమానాశ్రయంలో దేశమంటే మరొకటి. ఈ తేడా ఇంగ్లండ్‌కు అడ్డు రాలేదు, వెస్టిండీస్‌కు అడ్డు రాలేదు. ఎవరి ఆటో వాళ్లకే అడ్డొచ్చింది.

వాళ్ల ఆట అని ఊరికే అనడం లేదు. 17వ శతాబ్దంలో ఫ్రెంచి పాద్రీలు ఉత్తర అమెరికా అడవుల్లోకి వెళ్లేసరికే అక్కడి జాతులు వలకర్రలతో బంతాట ఆడుతున్నాయి. ఒక్కో పక్క వందలమంది దిగేవాళ్లు. రోగం తగ్గాలని ఆడేవాళ్లు, దేవుడి సంతోషం కోసం ఆడేవాళ్లు. యుద్ధానికి వాడుకున్న సందర్భం కూడా ఒకటుంది. 1763 జూన్ 2న మిచిలిమాకినాక్ కోట బయట ఒజిబ్వేలు, సౌక్‌లు ఆడుతుంటే బ్రిటిష్ సిపాయిలు తలుపులు బార్లా తెరిచి చూస్తూ నిలబడ్డారు. బంతి కోటలో పడింది. దాని వెనక ఆటగాళ్లు పరిగెత్తారు. లోపల దుప్పట్ల చాటున ఆయుధాలతో ఆడవాళ్లు సిద్ధంగా ఉన్నారు. కోట వాళ్ల వశమైంది.

నూరేళ్లు తిరిగేసరికి ఆట చేతులు మారింది. మాంట్రియల్‌లో జార్జ్ బీర్స్ అని ఒక పళ్ల డాక్టరు. 1860లో నియమాల పుస్తకం అచ్చువేశాడు. జట్టుకు ఇంతమంది, గోలు ఇంత వెడల్పు, బంతి రబ్బరుది అని కొలతలు బిగించాడు. 1867లో కెనడా దేశంగా ఏర్పడితే దీన్నే జాతీయ క్రీడ చేయాలని పట్టుబట్టాడు. 1876లో కానవాకే మోహాక్ ఆటగాళ్లను, మాంట్రియల్ తెల్లవాళ్ల జట్టును వెంటబెట్టుకుని బ్రిటన్ వెళ్లాడు. విండ్సర్‌లో విక్టోరియా రాణి ఎదుట ఆడించాడు. అప్పుడు మోహాక్‌లను పాస్‌పోర్ట్ ఎక్కడని అడిగినవాళ్లు లేరు! 1883లో రెండోసారి వెళ్లినప్పుడు మ్యాచ్‌లకొచ్చిన జనానికి కెనడాకు వలస రండి అంటూ ప్రచార కాగితాలు పంచారు. ట్రావెల్ ఏజెంటుగా చెబుతున్నాను, ఇంతకు మించిన ప్రచార ఎత్తుగడ నేను చూడలేదు. నేల కోల్పోయినవాళ్ల చేత ఆడించి, ఆ నేలకే కొత్తవాళ్లను పిలవడం.

ఆ రెండు యాత్రల మధ్యలోనే, 1880లో, కెనడా సంఘం వాళ్లను పోటీల నుంచి బయటికి తోసింది. కారణం వింటే నవ్వాలో ఏడవాలో తెలియదు. వాళ్లు డబ్బు తీసుకుని ఆడతారట, కాబట్టి ఔత్సాహికులు కారట. దూరప్రాంతాలకు వెళ్లి ఆడాలంటే దారిఖర్చులు కావాలి. బ్యాంకు ఉద్యోగులూ లాయర్లూ సొంత జేబులోంచి టికెట్ కొనుక్కోగలరు, రిజర్వేషన్లలో ఉండేవాళ్లు కొనుక్కోలేరు. టికెట్ డబ్బులు పుచ్చుకోవడమే నేరమైపోయింది. 1904 సెయింట్ లూయిస్ ఒలింపిక్స్‌లో ఒక మోహాక్ జట్టు ఆడి కాంస్యం తెచ్చుకుంది. ఆ తరవాత అంతర్జాతీయ పోటీల్లో వాళ్ల పేరుతో జట్టు మళ్లీ కనబడడానికి ఎనభై ఏళ్లకు పైనే పట్టింది.

ప్రపంచ చాంపియన్‌షిప్ మొదలైంది ఈ ఎనభై ఏళ్ల లోపలే. 1967లో కెనడా నూరేళ్ల పండగ చేసుకుంటూ టొరంటోకు మూడు దేశాలను పిలిచింది. అమెరికా, కెనడా, ఇంగ్లండ్, ఆస్ట్రేలియా, అంతే. అమెరికా తరఫున బాల్టిమోర్‌కు చెందిన మౌంట్ వాషింగ్టన్ క్లబ్బు వచ్చి గెలిచింది. 1974లో మెల్‌బోర్న్‌లోనూ అమెరికాదే. మొదటి రెండు పోటీల గురించి చెప్పుకోవడానికి ఇంతకన్నా ఏం లేదు.

మూడోది మాత్రం చెప్పి తీరాలి. 1978, ఇంగ్లండ్‌లో స్టాక్‌పోర్ట్. లీగ్ దశలో అమెరికా కెనడాను 28-4 తేడాతో చితగ్గొట్టింది. ఒక్కో జట్టుకు పదిమంది, 110 గజాల మైదానం, ఆరడుగుల చదరం గోలు. అందులోకి ఇరవై ఎనిమిది. కొద్దిరోజులకే ఫైనల్లో మళ్లీ అవే రెండు జట్లు. జనం తీరిగ్గా వచ్చి ఉంటారు, ఫలితం తెలిసిందే గదా అని. కెనడా 17-16 తో గెలిచింది, అదీ అదనపు సమయంలో. గెలుపు గోలు కొట్టిన స్టాన్ కాకర్టన్ తరవాతి కాలంలో ప్రపంచ లక్రాస్ సమాఖ్యకు అధ్యక్షుడయ్యాడు. కెనడావాళ్లు ఐస్ హాకీ ప్రాంగణాల్లో, ఇరుకులో, బాక్స్ లక్రాస్ ఆడి పెరిగినవాళ్లు. గోలు దగ్గర గుంపులో చిన్న సందు దొరికితే చాలు వాళ్లకు. అప్పటిదాకా ఓటమి ఎరగని అమెరికాకు మళ్లీ ఇలాంటి దెబ్బ తగలడానికి 2006 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 1998లో బాల్టిమోర్‌లో కెనడా పది గోల్స్ వెనకబడి కూడా సమం చేసింది, కానీ రెండో అదనపు సమయంలో 15-14 తో ఓడింది. ఆ ఆట గురించి మా అల్లుడి వీధిలో ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్పుకుంటారు.

బాల్టిమోర్ వెళ్లినప్పుడు మా మనవడి కోచ్ ఇంటి గోడకు తగిలించిన పాత కర్ర ఒకటి చూశాను. ఆయనే తీసి చేతికిచ్చాడు. హికరీ చెక్క. దుంగను నిలువునా చీల్చి, చెక్కి, ఆవిరి పట్టి, వేడి మీదుండగానే కొనను కొంకిలా వంచి కట్టేస్తారట. నెలల తరబడి ఎండనిచ్చి అప్పుడు వల అల్లుతారు. తోలు పట్టీలు అడుగున వదులుగా ఉన్నాయి, ఒక పక్కన పచ్చితోలు ఆరి గోడలా గట్టిపడి ఉంది. రెండో పక్క చెక్కే గోడ. వంపు లోపలి వైపు బంతి రాసుకున్న చోట రంగు నల్లబడింది. నేననుకున్న దానికన్నా బరువు. ఇరక్వాయ్‌ల ఇళ్లల్లో మగపిల్లాడు పుడితే ఉయ్యాల్లో చిన్న కర్ర పెడతారు, పోయినవాడి పక్కనా కర్ర పెట్టి సాగనంపుతారు. మా వాడి కర్ర ప్లాస్టిక్ తల, లోహపు కాడ. రెంటినీ పక్కపక్కన పెట్టి చూశాక దానికేసి చూడబుద్ధి కాలేదు, వాడు చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను.

ఈ ప్లాస్టిక్ వెనక కూడా ఒక దెబ్బ ఉంది. మోహాక్‌ల కార్న్‌వాల్ దీవిలో ఒక కర్రల ఫ్యాక్టరీ ఉండేది. ప్రపంచంలో వాడే లక్రాస్ కర్రల్లో పెద్దభాగం అక్కడ తయారైనవే. 1968లో అది కాలిపోయింది. 1970కల్లా బాల్టిమోర్ కంపెనీ ఒకటి ప్లాస్టిక్ తలలు మార్కెట్లోకి దించింది. ఆట ఎప్పుడో చేజారింది, ఇప్పుడు కర్ర చేసే పని కూడా చాలామటుకు పోయింది.

ఆ పరిస్థితిలో 1983లో ఇరక్వాయ్ నేషనల్స్ పుట్టింది. నడుం కట్టినవాళ్లలో ముఖ్యుడు ఒనొండాగా పెద్ద ఓరెన్ లయన్స్. 1957లో ఓటమి లేకుండా సీజన్ ముగించిన సిరక్యూజ్ యూనివర్సిటీ జట్టుకు ఆయన గోలీ. అంతర్జాతీయ సంఘం తలుపు తట్టారు. మీదేం దేశం అన్న ప్రశ్న రానే వచ్చింది. 1987లో సభ్యత్వం దొరికింది. 1990లో పెర్త్‌కు తమ పాస్‌పోర్టుల మీదే వెళ్లారు. తమ ఊదారంగు జెండా పట్టుకుని మైదానంలోకి దిగారు. ఐదు జట్లలో ఐదో స్థానం, ఒక్క మ్యాచ్ గెలవలేదు. ఆస్ట్రేలియా ఒప్పుకున్న పుస్తకాన్ని ఇరవై ఏళ్ల తరవాత మాంచెస్టర్ ఒప్పుకోలేదు.

ఆ పుస్తకం కథ ఇంకా పాతది. 1923లో డెస్కహే అనే కయూగా పెద్ద సొంత పాస్‌పోర్ట్ పట్టుకుని జెనీవా వెళ్లాడు, కెనడా మీద నానాజాతి సమితిలో మొరపెట్టుకోవడానికి. లోపలికి పిలిచినవాళ్లు లేరు. ఆయన మొర వినకపోయినా ఆ అలవాటు మాత్రం మిగిలింది. 1977లో జెనీవాకే మళ్లీ బృందం వెళ్లింది, మళ్లీ సొంత పాస్‌పోర్టులతోనే.

ఆటలో వాళ్లు ఎదిగిన తీరు చెప్పాలంటే అంకెలే చాలు. 1998, 2002, 2006లో నాలుగో స్థానం. 2014లో డెన్వర్ దగ్గర ఆస్ట్రేలియాను 16-5 తో ఓడించి కాంస్యం. 2018లో ఇజ్రాయెల్‌లోని నెతన్యాకు, ప్రయాణం కాగితాల దగ్గర ఆలస్యమైనా చేరుకుని, మళ్లీ కాంస్యం. ఆ ఫైనల్ కూడా చూడదగ్గది, టామ్ ష్రైబర్ ఒక్క సెకను మిగిలుండగా గోలు కొట్టి అమెరికాను 9-8 తో గెలిపించాడు. 2023లో సాన్ డియేగోలో మూడోసారి కాంస్యం. అప్పటికే జట్టు ఫ్రెంచివాళ్లు పెట్టిన పేరు వదిలేసి హోడినోషోనీ అనే సొంత పేరు పెట్టుకుంది. మధ్యలో 2022 వరల్డ్ గేమ్స్‌కు వీళ్లను ముందు పక్కన పెట్టారు. ఐర్లండ్ తన చోటు వదులుకుంటే వెళ్లగలిగారు. ఎవరూ చెప్పకుండానే ఐర్లండ్ లక్రాస్ వాళ్లు చేసిన పని అది. పాలకుల కన్నా ఆటలో ఉన్నవాళ్లకు నయంగా అర్థమవుతాయి కొన్ని.

2023 అక్టోబరు 16న ముంబైలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశమైంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌కు క్రికెట్‌ను ఖాయం చేసిన సమావేశం అది, మన పత్రికలన్నీ ఆ వార్తే మొదటి పేజీలో వేశాయి. అదే తీర్మానంలో లక్రాస్ కూడా ఉంది, జట్టుకు ఆరుగురు ఆడే పొట్టి రూపంలో. పురుషుల విభాగంలో ఆరు జట్లకే చోటు. హోడినోషోనీకి అంతర్జాతీయ కమిటీ గుర్తించిన జాతీయ ఒలింపిక్ కమిటీ లేదు. ఆ డిసెంబరులో అధ్యక్షుడు బైడెన్ వాళ్లను వాళ్ల జెండా కిందే ఆడనివ్వాలని బాహాటంగా అన్నారు. ఒలింపిక్ కమిటీ జవాబు మాత్రం ఇది: నియమాలు నియమాలే, ఆ ఆటగాళ్లు ఏ దేశ పౌరులైతే ఆ దేశం తరఫున, అమెరికాయో కెనడాయో పిలిస్తే, రావచ్చు. మాంచెస్టర్ చెప్పిందీ ఇదే. సంతకం ఒక్కటే వేరు.