కొలువూ కెమెరా

భారతదేశంలో ఫొటోగ్రఫీ మొదటి యాభయ్యేళ్లను తిరగేస్తే కనిపించే పేర్లలో చాలా భాగం వేరే ఉద్యోగం చేసుకుంటూ కెమెరా పట్టినవారివే. సైన్యంలో కెప్టెన్లు, ప్రభుత్వ వైద్యులు, ఇంజనీర్లు. స్టూడియోలు పెట్టి బతికినవారు పట్టణాల్లో ధనికుల రూపచిత్రాలు తీస్తుంటే, గుళ్లను, కోటలను, శిల్పాలను ఫొటోల్లోకి ఎక్కించే పనిని ఎక్కువగా ఈ ఉద్యోగులే తలకెత్తుకున్నారు. ఆసక్తి ఒక్కటే ఉంటే చాలదు, తీరిక కావాలి. ఎంత తీరిక కావాలో నిర్ణయించింది ఆయా కాలాల రసాయన పద్ధతి.

ఫొటో తీసే తొలి పద్ధతుల్లో ఒకటైన డాగేర్ పద్ధతి వివరాలు 1839లో పారిస్‌లో వెల్లడయ్యాయి. కొద్ది నెలలకే ఆ కబురు, ఆ సామగ్రి కలకత్తాకు చేరాయి. అయితే వెండి పూత రేకు మీద పడే ఆ బొమ్మ ఒక్కటే ప్రతి. దానికి నకలు తీయడం కుదరదు. ఇంగ్లండులో టాల్బట్ 1841లో పేటెంటు తీసుకున్న కాగితపు నెగటివ్ ఆ లోటు తీర్చింది. 1851లో ఫ్రాన్స్‌కు చెందిన గుస్తావ్ లె గ్రే కాగితానికి ముందుగా మైనం పట్టించే పద్ధతిని ప్రకటించాడు. ఉద్యోగులకు ఇది వరంలా దొరికింది. మైనపు కాగితాలను రాత్రిపూట సిద్ధం చేసుకుని పెట్టెలో దాచుకోవచ్చు, వీలు చిక్కిన రోజు వాడుకోవచ్చు, తరువాత మరో రాత్రి నింపాదిగా కడుక్కోవచ్చు. ఒక్కో బొమ్మకు నిమిషాల కొద్దీ వెలుతురు కావలసి వచ్చేది. గుడి గోపురం కదలదు కాబట్టి దానితో ఇబ్బంది లేదు. తొలినాటి ఫొటోల్లో కట్టడాలు నిండుగా ఉండి మనుషులు అరుదుగా కనిపించడానికి ఇదొక ముఖ్య కారణం. ఆగ్రాలో ప్రభుత్వ వైద్యుడు జాన్ మర్రే తాజ్‌మహల్‌ను ఇలాంటి పెద్ద పెద్ద కాగితపు నెగటివ్‌ల మీదే తీశాడు.

మద్రాసు సైన్యంలో అధికారి లిన్నేయస్ ట్రైప్ ఫొటోగ్రఫీ నేర్చుకున్నది ఇంగ్లండుకు సెలవు మీద వెళ్లినప్పుడు. తిరిగి వచ్చాక, 1854 డిసెంబరులో, హళేబీడు, బేలూరు ఆలయాలను తీశాడు. మరుసటి ఏడాది మద్రాసు ప్రదర్శనలో ఆ బొమ్మలకు పతకం వచ్చింది. సొంత సరదాకు తీసిన ఆ బొమ్మల వల్లే పై అధికారుల దృష్టి అతని మీద పడింది. 1855లో బర్మా రాజు దగ్గరికి వెళ్లిన దౌత్య బృందంలో చోటు, 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వ ఫొటోగ్రాఫరు పదవి వచ్చాయి. శ్రీరంగం, తంజావూరు, మదురై చిత్రాలు ఆ పదవిలో తీసినవే.

తెలుగు పాఠకులకు మరింత దగ్గరైన పని 1858లో జరిగింది. వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించిన పాలరాతి ఫలకాలు మద్రాసులో ఉండగా ట్రైప్ వాటిని వరసగా ఫొటోలు తీశాడు. మరుసటి ఏడు ఆ ఫలకాలు ఓడెక్కి లండను వెళ్లిపోయాయి. దేశం దాటకముందు అవి ఎలా ఉన్నాయో చూపే సాక్ష్యంగా ఆ ఫొటోల విలువ ఎంత చెప్పినా తక్కువే. ఇంత చేసినా పదవి నిలవలేదు. 1859లో గవర్నరుగా వచ్చిన చార్లెస్ ట్రెవెల్యన్ దాన్ని అనవసరపు ఖర్చుగా భావించి ఆపించాడు. ట్రైప్ తిరిగి సైనిక ఉద్యోగానికి వెళ్లాడు. ఆ తరువాత కెమెరా పట్టింది బహు తక్కువ.

ఇలాంటి ఉద్యోగులు ఒకచోట కూడే సంఘాలు కూడా అప్పుడే పుట్టాయి. బొంబాయిలో 1854లో, కలకత్తాలో, మద్రాసులో 1856లో ఫొటోగ్రాఫిక్ సొసైటీలు ఏర్పడ్డాయి. మద్రాసు సంఘం వెనుక ఉన్న అలెగ్జాండర్ హంటర్ సైనిక వైద్యుడు. 1850లో అక్కడ కళాశిక్షణ పాఠశాలను మొదలుపెట్టిందీ ఆయనే. సభ్యులు తాము తీసినవి తెచ్చి చూపించుకునేవారు, రసాయనాల పాళ్లు చర్చించుకునేవారు. ఉక్కకు, వేడికి మందులు పాడయ్యే దేశంలో ఒకరి అనుభవం మరొకరికి పాఠం. కానీ ఆ స్నేహానికీ హద్దు ఉండేది. బెంగాల్ సొసైటీ కోశాధికారిగా పనిచేసిన పండితుడు రాజేంద్రలాల్ మిత్ర 1857లో ఒక బహిరంగ సభలో నీలిమందు తోటల దొరలను విమర్శించినందుకు సంఘం ఆయనను బయటికి పంపింది. కెమెరా ముందు అందరూ ఒకటే అనుకున్న సంఘం పాలకుల జాతిని వేలెత్తి చూపగానే మారిపోయింది.

1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ ప్రకటించిన కొలోడియన్ పద్ధతి బొమ్మలో స్పష్టతను ఎంతో పెంచింది, తీరికను మాత్రం మింగేసింది. గాజు పలక మీద కొలోడియన్ పూసి, సిల్వర్ నైట్రేట్‌లో ముంచి, తడి ఆరకముందే బొమ్మ తీసి, అక్కడికక్కడే కడగాలి. అంతా నిమిషాల్లో అయిపోవాలి. ఫొటో తీసేవాడు ఎక్కడికి వెళ్లినా చీకటి డేరా, సీసాలు, నీళ్లు, గాజు పలకలు, వాటిని మోసే మనుషులు వెంట ఉండాలి. వేళ్లకు అంటిన నైట్రేటు నల్ల మచ్చలు రోజుల తరబడి పోయేవి కావు. ఆఫీసు వేళల నడుమ ఇది సాగే పని కాదు. నాటింగ్‌హామ్‌లో బ్యాంకు గుమాస్తాగా ఉండి సరదాగా ఫొటోలు తీసిన శామ్యూల్ బోర్న్ ఆ ఉద్యోగం వదులుకుని 1863లో భారతదేశానికి వచ్చాడు. కూలీల చేత సామగ్రి మోయించుకుంటూ మూడుసార్లు హిమాలయాలకు వెళ్లాడు. కొలువు వదలకుండా నెట్టుకొచ్చినవారూ లేకపోలేదు. లక్నో పురపాలక సంఘంలో ఇంజనీరుగా పనిచేసిన దారోగా అబ్బాస్ అలీ 1874లో 50 ఫొటోలతో లక్నో ఆల్బమ్ వెలువరించాడు. కట్టడాలున్న ఊళ్లోనే కొలువు ఉండడం ఆయనకు కలిసివచ్చి ఉండాలి.

సరిగ్గా అదే 1874లో మధ్య భారతంలోని ఇండోర్‌లో మరో ఉద్యోగి కెమెరా పట్టాడు. లాలా దీన్‌దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధానాలో పుట్టాడు. రూర్కీ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇండోర్ పబ్లిక్ వర్క్స్ శాఖలో అంచనాలు వేసే, ప్లాన్లు గీసే పనిలో చేరాడు. కట్టడాన్ని ఎదురుగా నిలబడి కొలిచి గీసే అలవాటు ఆయన ఫొటోల్లో అణువణువునా కనిపిస్తుంది. స్తంభాలు నిటారుగా ఉంటాయి, మెట్ల వరసలు తిన్నగా సాగుతాయి, నీడ ఎటు పడితే చెక్కడం లోతు తెలుస్తుందో ఎరిగి ఎంచుకున్న వేళ కనిపిస్తుంది. పగలు గీసిన గీతే ఆయన కంటికి శిక్షణ ఇచ్చింది. ఉద్యోగం మరో మేలు కూడా చేసింది: అధికారుల పరిచయం. మధ్య భారతంలో గవర్నర్ జనరల్ ప్రతినిధి హెన్రీ డేలీ ఆయనను ప్రోత్సహించాడు. తరువాత ఆ పదవిలోకి వచ్చిన లెపెల్ గ్రిఫిన్ 1882లో పర్యటనకు వెంట తీసుకెళ్లాడు. అలా తీసిన చిత్రాలతో మధ్య భారత కట్టడాల మీద గ్రిఫిన్ గ్రంథం 1886లో వెలువడింది.

ఈలోగా గాజు పలక ఆరిపోయింది. రిచర్డ్ లీచ్ మాడాక్స్ అనే ఆంగ్ల వైద్యుడు 1871లో జెలటిన్‌తో పొడి పలకలు చేసే దారి చూపాడు. ఆయనకూ ఫొటోగ్రఫీ వ్యాపకమే. అమెరికాలోని రోచెస్టర్‌లో జార్జ్ ఈస్ట్‌మన్ పగలు బ్యాంకులో గుమాస్తాగిరీ చేస్తూ, రాత్రుళ్లు తల్లి వంటగదిలో ఆ జెలటిన్ మందు కాచాడు. 1880లో పలకల తయారీ మొదలుపెట్టి, మరుసటి ఏడాది బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చాడు. 1888లో ఆయన అమ్మిన కొడాక్ కెమెరాలో 100 బొమ్మలకు సరిపడే ఫిల్మ్ చుట్ట ఉండేది, ధర 25 డాలర్లు. 1900లో వచ్చిన బ్రౌనీ ధర ఒకే డాలరు. ఆదివారం తీసిన బొమ్మను వారం తరువాతైనా కడగవచ్చు, ఆ పనిని మరొకరికి అప్పగించనూ వచ్చు. మైనపు కాగితం కొద్దిమందికి ఇచ్చిన వెసులుబాటు ఇప్పుడు మామూలు జీతగాళ్లకూ అందింది.

దీన్‌దయాళ్ దారి మాత్రం అటు పోలేదు. 1880ల నడుమ ఆయన ఉద్యోగానికి సుదీర్ఘ సెలవు పెట్టి ఫొటోలతోనే బతకగలనో లేదో చూసుకున్నాడు. పదేళ్లకు పైగా జీతం నీడలో నేర్చుకున్నవాడు ఒక్కసారిగా దూకకుండా ఇలా అడుగు వేయడంలో ఎంతో వివేకం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫొటోగ్రాఫరుగా నియమించడంతో తిరిగి కొలువులో చేరే అవసరం రాలేదు. సికింద్రాబాద్‌లో స్టూడియో వెలిసింది. హైదరాబాద్‌లో 1892లో పరదా స్త్రీల కోసం ప్రత్యేకంగా తెరిచిన జనానా స్టూడియోను ఒక ఆంగ్ల మహిళ నడిపింది. నిజాం వేటలు, విందులు, సైనిక కవాతులే కాక కరువు సహాయ పనులు కూడా ఆయన పలకల మీదికి ఎక్కాయి. నిజాం ఇచ్చిన బిరుదు ముసవ్విర్ జంగ్. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ఆయన 1905లో కన్నుమూశాడు. ఆయన స్టూడియో గాజు నెగటివ్‌లలో మిగిలిన 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రం సేకరించింది.