టీచరు "నాకు తెలీదు" అనగలిగిన చోటు

శాస్త్రీయ దృక్పథం పౌరుల విధి అని 1976లో 42వ సవరణతో రాజ్యాంగంలో రాసుకున్నాం. సరే, ఆ దృక్పథం ముందు టీచరుకి ఎక్కడినుంచి రావాలి?

మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో (2022 నుంచి నర్మదాపురం) ఈ ప్రశ్న అంతకు ముందే వచ్చింది. 1972లో కిషోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 16 మాధ్యమిక పాఠశాలల్లో సైన్సు బోధన మార్చడానికి పూనుకున్నాయి. ప్రభుత్వం ఒప్పుకుని తన టీచర్లని శిక్షణకి పంపింది.

శిక్షణంటే మనకు తెలిసిన తంతు ఒకటుంది: సంతకం, ఉపన్యాసం, భోజనం, మళ్ళీ సంతకం. ఇక్కడ ఢిల్లీ యూనివర్సిటీ, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు వచ్చి టీచర్లతో కలిసి కూర్చున్నారు. టీచర్లే జట్లుగా పువ్వులు కోసి చూడాలి, కొలతల్లో తేడా వస్తే వాదించుకోవాలి, నాణాలు ఎగరేసి బొమ్మా బొరుసూ లెక్క రాసుకోవాలి. జాతకాల దేశంలో టీచరుకి ఇంతకంటే మంచి పాఠం ఏముంటుంది? వాళ్ళ 'బాల్ వైజ్ఞానిక్' పుస్తకంలో ప్రయోగాలూ ప్రశ్నలే తప్ప తయారు జవాబులుండవు. పరీక్షకి పుస్తకం తెచ్చుకోవచ్చు. పిల్లవాడు అడిగితే "నాకు తెలీదు, చేసి చూద్దాం" అనాలి. గురువు మాటే ప్రమాణమనే చోట ఇది చిన్న సంగతి కాదు.

1978లో జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏకలవ్య సంస్థ బాధ్యత తీసుకుంది. 2002లో ప్రభుత్వమే ఆపేసి, రాష్ట్రమంతటా ఉన్న మామూలు పాఠ్యపుస్తకాన్ని తిరిగి తెచ్చింది.

అప్పటికే సర్వ శిక్షా అభియాన్ టీచరుకి ఏటా 20 రోజుల శిక్షణ అని నిబంధన పెట్టింది. ఆ 20 రోజుల్లో ఏం చెయ్యాలో చేసి చూపించగల టీచర్లు ఆ జిల్లాలోనే ఉన్నారు.