ధిక్కార గీతం (తెలుగు సినిమా, 1989–1997)

ధిక్కార గీతం అనేది 20వ శతాబ్దం చివర తెలుగు సినిమాల్లో అధికారాన్ని, హింసా రాజకీయాలను, జనం మౌనాన్ని నిలదీసిన పాటల ధోరణి. పాశ్చాత్య రాక్ బృందాలైన సెక్స్ పిస్టల్స్ (1976) పంక్‌తో, నిర్వాణా (1991) గ్రంజ్‌తో దీనికి పోలిక కోపంలోనే తప్ప వాద్యాల్లో కాదు. గిటార్ హోరు ఇక్కడ ముఖ్యం కాదు, బరువంతా సాహిత్యానిదే.

ఈ ధోరణికి విజయవాడతోనూ సంబంధం ఉంది; అది దర్శకుడు రాంగోపాల్ వర్మ ద్వారా ఏర్పడింది. ఆయన ఆ నగర శివారు కానూరులోని సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాలలో చదివారు. కళాశాల గొడవలు, రౌడీయిజం కథాంశంగా తీసిన ‘శివ’ 1989 అక్టోబరు 5న విడుదలైంది. ఇళయరాజా స్వరపరచిన అందులోని ‘బోటనీ పాఠముంది’ క్లాసుకు, మ్యాటినీకి మధ్య ఊగే విద్యార్థుల అల్లరి పాట. ధిక్కారానికి ఇది తేలికపాటి రూపం మాత్రమే.

అసలు తీవ్రత వర్మ తీసిన ‘గాయం’ (1993)లో కనిపిస్తుంది. సంగీత దర్శకుడు ‘శ్రీ’ స్వరపరచగా గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం పాడిన ‘నిగ్గదీసి అడుగు’ నేతలను వదిలి నేరుగా సమాజాన్నే దోషిగా నిలబెడుతుంది. తెర మీద ఆ పాట పాడుతూ కనిపించేది నటుడు కాదు, రాసిన సిరివెన్నెల సీతారామశాస్త్రే. తెలుగు సినిమాలో ఇది అరుదు. ఇదే చిత్రంలోని ‘సురాజ్యమవలేని’ పాటకు ఆయన నంది పురస్కారం అందుకున్నారు.

స్వాతంత్ర్య స్వర్ణోత్సవ సంవత్సరం 1997లో దర్శకుడు కృష్ణవంశీ చిత్రం ‘సిందూరం’ వచ్చింది. నక్సలైట్లు, పోలీసుల మధ్య నలిగే పల్లె నేపథ్యంలోని ‘అర్ధ శతాబ్దపు’ పాటకు కూడా సాహిత్యం సిరివెన్నెలదే, గానం బాలసుబ్రహ్మణ్యానిదే. దీనికీ నంది పురస్కారం లభించింది.