సాలినన్ ప్రజలు – మూడు రిజిస్టర్లు

ఈ ప్రత్యేక సంచికకు చరిత్ర వ్యాసం రాయమని కార్యదర్శి గారు కోరారు. కాకతీయుల గురించీ, కాటన్ దొర గురించీ రాయగల పెద్దలు మన సంఘంలో ఎందరో ఉన్నారు. అందుచేత నేను మన సభ్యులు అనేకులు పిల్లల దగ్గరకు వెళ్లివచ్చే కాలిఫోర్నియాలోని సాలినన్ అనే ఆదివాసుల గురించి రాస్తున్నాను. సర్వీసంతా రికార్డు రూములో గడిపినవాణ్ణి కనుక వారి చరిత్రలో నన్ను ఎక్కువగా ఆకర్షించినవి వారి రికార్డులే.

సాలినాస్ నది ఎగువ లోయ, శాంటా లూసియా కొండలు, అక్కడి నుండి సముద్రం దాకా వీరి సీమ. ఓక్ చెట్ల కాయలు దంచి, ఆ పిండిని నీళ్లతో పదేపదే కడిగి, చేదు పోయాక జావ కాచుకునేవారు. సాలినన్ అన్నది నది పేరును బట్టి ఇతరులు పెట్టిన పేరు.

1771లో హునిపెరో సెర్రా అనే స్పెయిన్ ఫాదరీ అక్కడ శాన్ ఆంటోనియో మిషన్ స్థాపించాడు. 1797లో శాన్ మిగుయెల్ మిషన్ వచ్చింది. ఫాదరీలు బాప్తిస్మాలకు, వివాహాలకు, మరణాలకు విడివిడిగా మూడు రిజిస్టర్లు పెట్టారు. 1773లో శాన్ ఆంటోనియోలో హువాన్ మరియా రూయిజ్ అనే అతనికి ఒక సాలినన్ స్త్రీతో వివాహమైంది. రిజిస్టరులో ఆమె పేరు మార్గరీటా దె కొర్తోనా. అది ఇటలీ దేశపు పునీతురాలి పేరు! తల్లిదండ్రులు పెట్టిన పేరు అలా పక్కకు పోయింది. కొత్త రోగాలు వచ్చి మరణాల రిజిస్టరు త్వరత్వరగా నిండింది. అయితే బాప్తిస్మం పద్దులు చాలావాటిలో తల్లిదండ్రుల పేర్లూ, పుట్టిన పల్లె పేరూ కూడా రాశారు. ఆ గుమాస్తాగిరీని నేను మెచ్చుకోక తప్పదు. సిత్‌హార్ అనే ఫాదరీ 1808లో చనిపోయేదాకా అక్కడే ఉండి వారి భాషకు పదకోశం తయారుచేశాడు. అది 1861లో గాని అచ్చు కాలేదు. ఆ భాషను పుట్టుకతో మాట్లాడినవారు 20వ శతాబ్దం మధ్యకల్లా గతించారు.

1834లో మెక్సికో ప్రభుత్వం మిషన్ల ఆస్తులను చర్చి చేతినుండి తప్పించింది. 1838లో మిల్పీటాస్ అనే పెద్ద భూమి పట్టా, మిషన్‌కు చెందిన ఇగ్నాసియో పాస్టర్ అనే ఇండియన్‌కే దక్కింది. తరువాత అది చేతులు మారి, 1925లో పత్రికాధిపతి హర్స్ట్‌కు, 1940లో అమెరికా సైన్యానికి చేరింది.

1850లో కాలిఫోర్నియా చేసిన చట్టం ప్రకారం ఇండియన్ సాక్ష్యం మీద తెల్లవాడికి శిక్ష వేయరాదు. ఊరక తిరుగుతున్నాడన్న నెపంతో ఇండియన్ చాకిరీని వేలం వేయవచ్చు. అటువంటి రోజుల్లో ఎవరు తమ కులగోత్రాలు చెప్పుకుంటారు? చాలా కుటుంబాలు మెక్సికన్లమని చెప్పుకుని బతికాయి.

చిక్కు అక్కడే మొదలైంది. 1928 చట్టం ప్రకారం, పోయిన భూములకు పరిహారం కావాలంటే తమ పూర్వీకులు 1852 జూన్ 1న కాలిఫోర్నియాలో ఉన్న ఇండియన్లేనని చూపాలి. ఎస్.ఎస్.ఎల్.సి. పుస్తకంలో ఒక పేరు, సర్వీసు రిజిస్టరులో మరో పేరు ఉన్నందుకే మన ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు ఎన్నిసార్లు వెనక్కి వచ్చాయో తెలిసినవాళ్లం. వీళ్లు తాతముత్తాతలు దాచుకున్న ఉనికినే రుజువు చేయాలి. చివరికి 1950 చట్టంతో మనిషికి వచ్చింది 150 డాలర్లు.

సాలినన్లకు ఫెడరల్ ప్రభుత్వ గుర్తింపు నేటికీ లేదు. అందుకు వంశక్రమం చూపాలన్నా మళ్లీ ఆ ఫాదరీల రిజిస్టర్లే ప్రధాన ఆధారం. హంటింగ్టన్ లైబ్రరీవారు మిషన్ల పద్దులన్నీ కంప్యూటరుకెక్కించి 2006లో అందరికీ అందుబాటులో ఉంచారు. స్పానిష్ పేరుతో మొదలుపెట్టి, ఒక పద్దు నుండి ముందరి పద్దుకు వెళితే, అదృష్టం బాగుంటే, ముత్తవ్వ పుట్టిన పల్లె పేరు దొరుకుతుంది.