లార్డ్ సితార్ ఎవరు? బిగ్ జిమ్ సలివన్ స్టూడియో జీవితం, కర్తృత్వ సమస్య

1960ల లండన్‌లో విడుదలైన ఏ సింగిల్ రికార్డు తీసుకున్నా లేబుల్ మీద గాయకుడి పేరు, పాట రాసినవారి పేరు, ప్రచురణ సంస్థ పేరు ఉంటాయి. గిటారు వాయించిందెవరో మాత్రం ఉండదు. తెలుగు సినిమా రికార్డుల మీద రచన, సంగీతం, గానం అన్న వరుసలు చూసి పెరిగినవాళ్లకి ఇదేమీ వింత కాదు. ఆ లేబుళ్లకు ఎక్కనివారిలో బిగ్ జిమ్ సలివన్ (1941–2012) ఒకడు. బ్రిటన్ అమ్మకాల పట్టికకెక్కిన సుమారు 750 సింగిల్స్‌లో అతని గిటారు ఉందనీ, వాటిలో 54 మొదటి స్థానానికి చేరాయనీ అతని గురించి రాసేవారు తరచూ చెప్పే లెక్క. దాన్ని ఇక్కడ ఉదహరిస్తున్నానే గానీ దాని మీద వాదం కట్టడం లేదు. లేబులు సాక్ష్యం చెప్పని చోట అంకెలకు జ్ఞాపకాలే ఆధారం. నేను చూపదలచింది ఇది: ఏ పాటకు తగ్గ గిటారు ఆ పాటకు వాయించడం, ఇతరుల రికార్డులకు కూలికి వాయించే సెషన్ గిటారిస్టుకు కావలసిన మొదటి అర్హత. పాప్ సంగీత చరిత్రకారులేమో ఒక మనిషికి ఒక శైలి ఉంటేనే గుర్తుపడతారు. ఈ రెంటి మధ్య సలివన్ జారిపోయాడు.

అసలు పేరు జేమ్స్ జార్జ్ టామ్‌కిన్స్. లండన్ శివారు అక్స్‌బ్రిడ్జ్‌లో పుట్టాడు. పద్నాలుగో ఏట గిటారు పట్టాడు. సోహోలోని టూ ఐస్ కాఫీ బార్ అప్పట్లో రాక్ అండ్ రోల్ కుర్రాళ్లకు అడ్డా. గాయకుడు మార్టీ వైల్డ్ 1959లో అక్కడే ఇతన్ని చూసి తన వైల్డ్‌క్యాట్స్ బృందంలో చేర్చుకున్నాడు. అమెరికన్ గాస్పెల్ గాయని సిస్టర్ రొసెట్టా థార్ప్ వాయించిన లెస్ పాల్ గిటారును ఇతని చేతికిచ్చిందీ వైల్డే. 1960లో అమెరికన్ రాక్ గాయకులు ఎడ్డీ కొక్రన్, జీన్ విన్సెంట్ బ్రిటన్ పర్యటనకు వస్తే వాళ్ల వెనక వైల్డ్‌క్యాట్స్ వాయించారు. ఏప్రిల్‌లో కొక్రన్ కారు ప్రమాదంలో పోయాడు. పోయేలోగా బ్రిటిష్ గిటారిస్టులకు ఒక కిటుకు అందించాడు: మూడో తీగగా చుట్టుతీగ మానేసి సన్నటి సాదా తీగ వేసుకుంటే వేలితో లాగి స్వరాన్ని సాగదీయొచ్చు. ఈ సన్న తీగ సంగతి సితార్ దగ్గర మళ్లీ పనికొస్తుంది.

ఆ తర్వాత సలివన్ దిగిన స్టూడియో పని మూడు గంటల సెషన్ల లెక్కన నడిచేది: ఉదయం 10 నుంచి 1, మధ్యాహ్నం 2 నుంచి 5, రాత్రి 7 నుంచి 10. మన కాల్షీటు లాంటిదే. చేతినిండా పని ఉన్నవాళ్లు రోజుకు మూడూ చేసేవారు. స్టూడియోలో అడుగుపెట్టేదాకా ఎవరి పాటో కూడా తెలియకపోవచ్చు. డబ్బు సెషన్‌కు ఇంతని; రికార్డు పది లక్షలు అమ్ముడైనా అంతే. అదే వలయంలో తిరిగే మరో కుర్రాడు జిమ్మీ పేజ్. ఇద్దరు జిమ్‌లు కావడంతో సలివన్ బిగ్ జిమ్, పేజ్ లిటిల్ జిమ్ అయ్యారు. లెడ్ జెప్పెలిన్ బృందం పెట్టాక లిటిల్ జిమ్ పేరు ప్రపంచానికంతటికీ తెలిసింది.

సలివన్ చేతి గుర్తు కోసం వెతికేవాడు రాగాల్లో కంటే పనిముట్లలో వెతకడం మేలు. 1964లో డేవ్ బెర్రీ పాడిన ‘ది క్రయింగ్ గేమ్’ వినండి. తీగ మీటిన చప్పుడు చెవికి తగలదు. స్వరం నిశ్శబ్దంలోంచి ఉబికి వచ్చి గొంతులా మూలుగుతుంది. సలివన్ కాలి కింద డీఆర్మండ్ పెడల్ ఉంది. దానితో శబ్దం స్థాయినీ నాదాన్నీ ఒకేసారి మార్చవచ్చు. నాదాన్ని కాలితో మార్చే వావా పెడల్ బజారుకు రావడానికి ఇంకా రెండు మూడేళ్లు పడుతుంది. అదే ఏడాది పి.జె. ప్రోబీ ‘హోల్డ్ మీ’ పాటలో చీలికలైన, గరగరలాడే గిటారు అతనిదే. నౌకాదళం ప్రయోగశాలలో పనిచేసే రోజర్ మేయర్ చేసిచ్చిన ఫజ్ డబ్బా దానికి మూలం. ఫజ్ అనగానే అందరూ చెప్పే రోలింగ్ స్టోన్స్ ‘సాటిస్‌ఫాక్షన్’ ఆ మరుసటి ఏడాది వచ్చింది. ఈ రెండు ప్రయోగాలూ గిటారు మోగే తీరునే మార్చాయి. రెండూ మరొకరి పాటకు, గడియారం చూసుకుంటూ చేసిన పనులు. ఆ పాటల గురించి మాట్లాడేటప్పుడు గాయకుల పేర్లే వస్తాయి.

పేరు లేని పని చివరికి పెద్ద పేరున్నవాడి ఖాతాలో పడుతుంది. కర్త తెలియని చాటుపద్యాన్ని శ్రీనాథుడికో తెనాలి రామకృష్ణుడికో అంటగట్టే అలవాటు మన సాహిత్య చరిత్రకారులకు తెలిసిందే. లండన్ సెషన్ల విషయంలో ఆ శ్రీనాథుడు జిమ్మీ పేజ్. కింక్స్ ‘యూ రియల్లీ గాట్ మీ’లోని సోలో పేజ్‌దేనన్న పుకారు, ఆ బృందం గిటారిస్టు డేవ్ డేవిస్ అది తనదేనని ఎన్నిసార్లు చెప్పినా, చావలేదు. సెర్జ్ గేన్స్‌బూర్ 1971 ఆల్బమ్ ‘ఇస్త్వార్ ద మెలొడీ నెల్సన్’లో బేస్ గిటారు హెర్బీ ఫ్లవర్స్‌దా డేవ్ రిచ్‌మండ్‌దా అని ఏళ్ల తరబడి వాదులాడుకున్నారు.

సలివన్ విషయంలో ఇదే సమస్య సితార్‌తో ముడిపడింది. ఉస్తాద్ విలాయత్ ఖాన్ వాదనం విన్నాక అతనికి ఆ వాద్యం మీద పిచ్చి పట్టుకుంది. లండన్‌లో నజీర్ జైరజ్‌భాయ్ దగ్గర నేర్చుకున్నాడు. ఆయన సంగీతశాస్త్ర పండితుడు. 1967లో ‘సితార్ బీట్’, మరుసటి ఏడాది ‘లార్డ్ సితార్’ ఆల్బమ్‌లు వచ్చాయి. రెండోదాని అట్ట మీద సలివన్ పేరు లేదు. లార్డ్ సితార్ అన్న మారుపేరే ఉంది. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ స్వయంగా రాసిన ‘బ్లూ జే వే’ కూడా అందులో ఉండడంతో ఆ లార్డ్ హారిసనేనన్న పుకారు లేచింది. బీటిల్స్ అభిమానుల జేబులున్నంత కాలం దాన్ని ఖండించాల్సిన అవసరం వ్యాపారానికి ఏముంటుంది?

ఈ ఆల్బమ్‌లను హిప్పీ కాలపు చవకబారు సరుకుగా కొట్టిపారేసేవారున్నారు. కొంత నిజమే. ‘ఎ వైటర్ షేడ్ ఆఫ్ పేల్’లో సితార్ గాయకుడి గొంతుకు బదులు నిలబడింది, అంతకుమించి రాగవిస్తారం లేదు. కింద స్వరసమూహాలు (కార్డ్స్) మారుతూ ఉంటే మీండ్, అంటే తీగ లాగి పలికించే జారుడు, పూర్తిగా సాగే వ్యవధి దొరకదు. కానీ వేళ్లను గమనిస్తే మరో సంగతి తెలుస్తుంది. సితార్ మీద మెట్టు మారకుండానే తీగను పక్కకు లాగి పై స్వరాలు పలికిస్తారు. విలాయత్ ఖాన్ గాయకీ బాణీకి అదే ప్రాణం. సన్న తీగ లాగడం 1960 నుంచీ అలవాటైన సలివన్‌కు సితార్ పూర్తిగా పరాయి వాద్యం కాదు. మోజు కోసం సితార్ పట్టుకున్న పాప్ గిటారిస్టులు చాలామంది గమకం జోలికి పోకుండా ఝుంకారంతో సరిపెట్టుకున్నారు. సలివన్ లాగుడు గమకం వైపే మొగ్గింది, అరకొరగానైనా.

తర్వాతి కాలం సంగతులు త్వరగా చెప్పుకోవచ్చు. 1969 నుంచి 1974 దాకా టామ్ జోన్స్ వెంట, టెలివిజన్‌లోనూ వేదిక మీదా వాయించాడు. 1978 తర్వాత జర్మన్ వాద్యబృంద నాయకుడు జేమ్స్ లాస్ట్ దగ్గర దాదాపు తొమ్మిదేళ్లు ఉన్నాడు. డీప్ పర్పుల్ బృందం గిటారిస్టు రిచీ బ్లాక్‌మోర్‌కు చిన్నతనంలో గిటారు పాఠాలు చెప్పాడన్న ఒక్క వాక్యంతోనే రాక్ చరిత్రలు అతన్ని దాటేస్తాయి.

కర్తృత్వ ప్రశ్నకు తిరిగి వస్తే, 1972లో గిల్బర్ట్ ఓసలివన్ పాట ‘అలోన్ ఎగైన్’ అమెరికాలో ఆరు వారాలు మొదటి స్థానంలో ఉంది. మధ్యలో వచ్చే అకూస్టిక్ గిటారు బిట్ సలివన్‌ది. పాట వరుసను దాటిపోదు, విన్యాసాలు చూపదు. ఆ రికార్డులోంచి ఒక ముక్కను ర్యాప్ గాయకుడు బిజ్ మార్కీ వాడుకున్నందుకు 1991లో న్యూయార్క్ కోర్టులో కేసు నడిచింది. అనుమతి లేని వాడకం దొంగతనమేనని తీర్పొచ్చింది. కేసు వేసింది ఓసలివన్ ప్రచురణ సంస్థ. వాద్యకారులు అందులో కక్షిదారులు కారు. సెషన్‌తోటే వాళ్ల లెక్క ముట్టిపోయింది. బ్రిటన్‌లో రికార్డుల ప్రసార రాబడిలో వాద్యకారులకు చట్టపరమైన వాటా 1996 చివర్లో గానీ రాలేదు. అప్పటి నుంచి ఏ పాటలో ఎవరు వాయించారన్నది డబ్బుతో ముడిపడ్డ ప్రశ్న కూడా అయింది. అందుకే సెషన్ వాద్యకారుల వాంగ్మూలాలను 1996కు ముందువీ తర్వాతవీ వేరుచేసి చదవాలి. రెండూ ఒకే మాట చెప్పిన చోటే సలివన్ పేరును పాట పక్కన నిశ్చింతగా రాయగలం.