అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా: ఏజెంటు ఏం చెప్పాలి, మనం ఏం అడగాలి

ఖతార్‌లో ఉంటున్న మన తెలుగు కుటుంబాలకు బెంగంతా ఊళ్లో ఉన్న పెద్దవాళ్ల గురించే. వాళ్లకు ఆరోగ్య బీమా తీసుకోవాలంటే ఎక్కువమంది చేసే పని ఒకటే. తెలిసిన ఏజెంటుకు ఫోన్ చేస్తాం, అతను ఇంటికెళ్లి నాన్నగారితో ఫారం నింపిస్తాడు, మనం దోహా నుంచి డబ్బు కడతాం. పాలసీలో ఏముందో ఆసుపత్రిలో చేరిన రోజున గానీ చదవం. అప్పటికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. అందుకే ఏజెంటు బాధ్యతలేమిటో, మన హక్కులేమిటో ఒకచోట రాస్తున్నాను.

ఏజెంటుకు ఉన్న నియమాలు

భారత బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రధాన కార్యాలయం మన హైదరాబాద్‌లోనే ఉంది. ఏజెంట్లు ఎలా నడుచుకోవాలో ఆ సంస్థ 2016 నిబంధనల్లో రాసిపెట్టింది. అడిగితే గుర్తింపు కార్డు చూపించాలి. తాను అమ్మే పాలసీ మీద ఎంత కమీషన్ వస్తుందో అడిగితే చెప్పాలి. ఫారంలో ముఖ్యమైన విషయం దాచమని ప్రోత్సహించకూడదు. వచ్చిన క్లెయిమ్ డబ్బులో వాటా అడగకూడదు.

ఇంకో సంగతి. వ్యక్తిగత ఏజెంటు ఆరోగ్య బీమా కంపెనీల్లో ఒక్కదానికే పనిచేయగలడు. బ్రోకరు అయితే చాలా కంపెనీల పాలసీలు చూపించవచ్చు. కాబట్టి "అన్నిటికన్నా ఇదే మంచిది" అని ఎవరైనా అంటే, "మీరు ఏజెంటా, బ్రోకరా?" అని ముందు అడగండి.

"మొదటి ప్రీమియంలో కొంత నేనే తిరిగి ఇస్తాను" అనే మాట చాలామంది వినే ఉంటారు. 1938 బీమా చట్టం 41వ సెక్షన్ ప్రకారం అలా ఇవ్వడమూ తప్పే, తీసుకోవడమూ తప్పే. జరిమానా 10 లక్షల రూపాయల దాకా ఉండవచ్చు.

షుగరు, బీపీ రాయవద్దంటే

అసలు ప్రమాదం ఇక్కడే. "షుగరు అని రాస్తే ప్రీమియం పెరుగుతుంది, వదిలేద్దాం సార్" అంటాడు ఏజెంటు. నాన్నగారు సరేనంటారు. ఫోనుకు వచ్చిన ఓటీపీ చదివి చెబుతారు. ఆ ఓటీపీయే ఆయన సంతకం. రేపు గుండెకు స్టెంట్ వేయాల్సి వస్తే, కంపెనీ పాత మందుల చీటీలు తెప్పించి చూసి క్లెయిమ్ తిరస్కరించవచ్చు. అప్పుడు చిక్కుల్లో పడేది పాలసీదారు. ఏజెంటుకు కమీషన్ ఎప్పుడో అందిపోయి ఉంటుంది.

నిజం రాస్తే జరిగేదేమిటి? ప్రీమియం కొంత పెరగవచ్చు, ఆ జబ్బుకు వేచి ఉండే కాలం పెట్టవచ్చు. 2024 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం పాత జబ్బులకు ఆ కాలం 36 నెలలకు మించకూడదు. అంతకుముందు 48 నెలలు ఉండేది. 65 ఏళ్లు దాటినవారికి కొత్త పాలసీ ఇవ్వరన్న పాత మాట కూడా ఇప్పుడు చెల్లదు.

"ఐదేళ్లు దాటితే ఎవరూ అడగరు" అని కొందరు ధైర్యం చెబుతారు. ఇది సగం నిజమే. 60 నెలలు ఆగకుండా పాలసీ నడిస్తే, విషయం చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ ఆపకూడదు. కానీ మోసం చేశారని కంపెనీ రుజువు చేస్తే ఆ రక్షణ ఉండదు. పైగా ఆ ఐదేళ్లలోపే జబ్బు రాదని ఎవరు హామీ ఇస్తారు?

చవగ్గా 25 లక్షలు ఎలా ఇస్తారు?

ఉన్న బీమాకు తోడుగా అమ్మే టాపప్ పాలసీల్లో మాట దాచడం సులువు. ప్రీమియం తక్కువ, కవరేజీ పెద్దది. చెప్పకుండా వదిలేసేది "డిడక్టిబుల్", అంటే ముందుగా మనమో, మన మొదటి పాలసీయో భరించాల్సిన మొత్తం.

లెక్క చూద్దాం. డిడక్టిబుల్ 5 లక్షలు అనుకోండి. అమ్మగారు ఒకే ఏడాదిలో రెండుసార్లు ఆసుపత్రిలో చేరారు, ఒక్కోసారి బిల్లు 4 లక్షలు. మామూలు టాపప్ ప్రతి బిల్లునూ విడిగా చూస్తుంది. రెండూ 5 లక్షల లోపే కాబట్టి రూపాయి కూడా రాదు. సూపర్ టాపప్ ఏడాది బిల్లులను కలిపి చూస్తుంది. మొత్తం 8 లక్షలు, అందులో 5 పోగా 3 లక్షలు వస్తాయి. మొదటి పాలసీ లేనివారికి ఇలాంటిది అమ్మితే, ఆ 5 లక్షలు మన జేబులోంచే పోతాయని చెప్పడం ఏజెంటు ధర్మం.

అలాగే గది అద్దె పరిమితి. రోజుకు 3,000 పరిమితి ఉండగా 6,000 గదిలో చేరితే, అద్దె తేడాతో సరిపోదు. డాక్టరు ఫీజు వంటి ఖర్చుల్లో కూడా సగమే రావచ్చు. 20 శాతం కో-పే ఉంటే ప్రతి లక్షకు 20 వేలు మనవే.

అవసరం లేని పాలసీ

70 ఏళ్లు నిండిన పెద్దలకు ఆదాయంతో సంబంధం లేకుండా కుటుంబానికి ఏటా 5 లక్షల దాకా వైద్యం ఇచ్చే ఆయుష్మాన్ భారత్ కార్డు 2024 అక్టోబరు 29న మొదలైంది. మంచి ఏజెంటు ముందు దీని గురించి అడుగుతాడు, ఆ పైన ఎంత కావాలో లెక్క కడతాడు.

వాళ్లను దోహాకు తీసుకొచ్చేటప్పుడు సంగతి వేరు. 2023 ఫిబ్రవరి 1 నుంచి ఖతార్‌కు వచ్చే సందర్శకులకు ఆరోగ్య బీమా తప్పనిసరి. ప్రాథమిక పాలసీ నెలకు 50 రియాళ్లు. అది అత్యవసర వైద్యానికి, ప్రమాదాలకు మాత్రమే. రోజూ వేసుకునే బీపీ మాత్రలకు, మామూలు చెకప్‌కు పనికిరాదు. మూడు నెలలు ఉంటే మూడు నెలల మందులు తెచ్చుకోవాల్సిందే.

అమెరికాలో ఉన్న బంధువులకూ ఇలాంటి చిక్కే ఉంది. అక్కడి మెడికేర్ సప్లిమెంట్ పాలసీలకు అక్షరాల పేర్లు ఉంటాయి. ప్లాన్ జీ ఏ కంపెనీలో కొన్నా ప్రాథమిక ప్రయోజనాలు ఒకటే, ధరే వేరు. 65 నిండి పార్ట్ బీలో చేరిన నాటి నుంచి 6 నెలలు జబ్బు కారణంగా ఈ పాలసీ నిరాకరించకూడదు. ఆ గడువు గురించి చెప్పని ఏజెంటు చేసిన నష్టం తరువాత పూడ్చడం కష్టం.

ఇప్పుడు మనం చేయగలిగినవి

1. ఫారం నింపేటప్పుడు వీడియో కాల్‌లో ఉండండి. ఆరోగ్య ప్రశ్నలన్నీ చదివించి, నింపిన ఫారం కాపీ తీసుకోండి. చదవకుండా ఓటీపీ చెప్పవద్దని అమ్మానాన్నలకు గట్టిగా చెప్పండి.

2. డబ్బు కంపెనీ వెబ్‌సైటులోనే కట్టండి. ఏజెంటు సొంత ఖాతాకు పంపవద్దు.

3. పాలసీతో పాటు కస్టమర్ ఇన్ఫర్మేషన్ షీట్ ఇవ్వాలి. వేచి ఉండే కాలం, కో-పే, పరిమితులు అందులోనే ఉంటాయి. ముందు అది చదవండి.

4. కొత్త పాలసీ చేతికి అందిన 30 రోజుల్లోపు నచ్చకపోతే వెనక్కి ఇచ్చేయవచ్చు. స్వల్ప కోతలు పోగా ప్రీమియం తిరిగి వస్తుంది.

5. జబ్బు దాచి ఉన్నారని ఇప్పుడు తెలిస్తే, కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. ఆసుపత్రి మంచం మీద బయటపడడం కన్నా అది నయం.

6. క్లెయిమ్ అన్యాయంగా ఆపితే ముందు కంపెనీకి రాయండి. నెలలోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా బీమా అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రెండు తెలుగు రాష్ట్రాలకూ కార్యాలయం హైదరాబాద్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కంపెనీ తిరస్కరించిన నాటి నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. ఐఆర్‌డీఏఐ "బీమా భరోసా" పోర్టల్‌లో దోహా నుంచే ఫిర్యాదు పెట్టుకోవచ్చు.

మంచి ఏజెంట్లు లేకపోలేదు. క్లెయిమ్ రోజున అర్ధరాత్రి ఫోన్ ఎత్తి ఆసుపత్రికి వెళ్లేవారు ఎందరో ఉన్నారు. వాళ్లు మన ప్రశ్నలకు నొచ్చుకోరు. ఈ శుక్రవారం ఇంటికి ఫోన్ చేసినప్పుడు పాలసీ కాగితాలు ఫొటోలు తీసి పంపమనండి. మొదటి పేజీ పక్కన పెట్టి, ఆరోగ్య వివరాల పేజీ చూడండి.